బొటనవేలికి తెలియని నీరసం

నిజం తెలిసిన మనిషి తొమ్మిది రోజులు దాన్ని ఏం చేసుకుంటాడు? జేబులో వేసుకుని తిరుగుతాడా, దిండు కింద పెట్టుకుని పడుకుంటాడా, లేక ఎవరో మర్చిపోయిన గొడుగులా ఓ మూలకి ఆనించి తన పనిలో తాను పడతాడా? ఈ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఆయన్ని సూటిగా అడిగినవాళ్లు ఒకరున్నారు. వాళ్లకీ దొరకలేదు.

పనిచేసే చోట ఆయన్ని అందరూ బొటనవేలు బాబాయ్ అనేవారు. అది చిన్న కంపెనీ. రెండు గదులు, వెనకాల ఒక రేకుల షెడ్డు. డ్రోన్లు ఎగరేసి పాత భవనాల పైకప్పులు, ఎత్తైన నీళ్ల ట్యాంకులు, పొగగొట్టాలు ఫొటోలు తీసి, ఎక్కడ పగులుందో ఎక్కడ తుప్పుందో యజమానులకి చెప్పడం వాళ్ల పని. డ్రోన్లు ఎగరేసేది పైలట్లు. వాటికి ప్రాణం పోసేది బ్యాటరీలు. ఆ బ్యాటరీలన్నీ బాబాయ్ చేతి మీదుగా పోవాల్సిందే.

అంతకుముందు ఆయన పాతికేళ్లు ఒక ఇరుకు వీధిలో గోడ గడియారాలు, రేడియోలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు బాగుచేశాడు. ఫోన్ బ్యాటరీ ఉబ్బిందో లేదో చూడ్డానికి ఏ పరికరమూ వాడేవాడు కాదు. బల్ల మీద పెట్టి బొటనవేలితో నడుమ నొక్కేవాడు, అంతే. కళ్లు మూసుకుని ఓ క్షణం ఆగి, "దీనికింక నూకలు చెల్లాయి" అనో, "ఇది మనిద్దరికన్నా ఎక్కువ బతుకుతుంది, పట్టుకెళ్లు" అనో తేల్చేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. మేనకోడలు డ్రోన్ పైలట్‌గా చేరాక, ఆ కంపెనీలో బ్యాటరీల మనిషి కావాలంటే మామయ్యని తీసుకొచ్చి పెట్టింది. ఫోన్ బ్యాటరీ అరచేతిలో పడుతుంది, డ్రోన్ బ్యాటరీ రెండు చేతులా పట్టుకోవాలి. అయినా వేలు అదే వేలు.

బ్యాటరీల గది షెడ్డుకి ఆనుకుని ఉండేది. ఒకే కిటికీ. గోడకి మూడు వరసల ఇనప అరలు, వాటిలో నలభై బ్యాటరీలు, ఒక్కోదానికి ఒక నంబరు చీటీ. నంబరు కింద తెల్ల కాగితం పట్టీ. బ్యాటరీ ఒకసారి పైకెళ్లి వస్తే ఆ పట్టీ మీద నీలం సిరాతో ఒక చుక్క. పది చుక్కలకి ఒక వరస. చుక్కలు సమానంగా, ముత్యాలు గుచ్చినట్టు ఉండేవి. రెండొందల చుక్కలు దాటిన బ్యాటరీని ఉబ్బినా ఉబ్బకపోయినా పక్కన పెట్టాలని కంపెనీ నియమం. అలాంటివి గది మూలన మూత ఉన్న ఇసుక డబ్బాలోకి పోయేవి. ప్రతి మంగళవారం ఒక వ్యాను వచ్చి వాటిని పట్టుకెళ్లేది.

ఆ నియమం బాబాయ్‌కి నచ్చేది కాదు. "వేలు బాగుందంటుంటే చుక్కలు చూసి ఇంటికి పంపడమేంటి? అలాగైతే ముందు నన్ను పంపాలి" అనేవాడు. అందరూ నవ్వేవారు.

గదిలో ఒక మీటరు కూడా ఉంది. ఓనరు మోజుపడి కొన్నది. బ్యాటరీకి దాని రెండు తీగలు తగిలిస్తే లోపలి సెల్లులు ఎంత నీరసించాయో అంకెల్లో చూపించేది. సెల్లులు రెండు రకాలుగా చెడతాయి. కొన్ని ఉబ్బుతాయి, అవి వేలికి తెలుస్తాయి. కొన్ని ఉబ్బవు, నీరసిస్తాయంతే. చూడ్డానికి కడుపునిండా తిన్నవాడిలా నిండుగా కనిపిస్తాయి, నాలుగు మెట్లెక్కమంటే చతికిలబడతాయి. ఆ నీరసం మీటరుకే తెలుస్తుంది. బాబాయ్ దాని మీద దుమ్ము పడకుండా తన పాత చొక్కా ఒకటి కప్పి ఉంచాడు. రిజిస్టరులో 'మీటరు' అని ఒక గడి ఉంది. ఆ గడి ఏ రోజూ ఖాళీగా ఉండేది కాదు. చొక్కా మాత్రం తొలగేది కాదు. వేలు బాగుందంటే మంచి అంకె, అంత బాగాలేదంటే కాస్త తక్కువ అంకె వేసేవాడు. అది అబద్ధమని ఆయనకెప్పుడూ అనిపించలేదు. వేలు చెప్పిన మాటనే మీటరు భాషలో రాస్తున్నానని అనుకునేవాడు.

*

ఆ సోమవారం పొద్దున గాలి బాగా వీస్తోంది. పాత గోదాము ఒకదాని పైకప్పు ఫొటోలు తీస్తుండగా మేనకోడలు ఎగరేస్తున్న డ్రోన్ ఉన్నట్టుండి ఆగిపోయి, రాయిలా కిందపడింది. పడింది గోదాములో కాదు, పక్కనున్న లాండ్రీ పెరట్లో. అక్కడ బల్ల దగ్గర నిలబడి దుప్పటి ఇస్త్రీ చేస్తున్నాయన భుజం మీద. జబ్బ ఎముక విరిగింది. డ్రోన్ పక్కకి దొర్లి అంటుకుంది. దుప్పటి కూడా కాలింది. నయం, పెద్ద మంట కాకముందే ఎవరో ఇసుక పోశారు.

అమ్మాయి మొదటి నుంచీ ఒకే మాట చెప్పింది. "తెర మీద చార్జి నలభై రెండు శాతం ఉంది. గాలికి ఎదురుగా కాస్త పైకి లేపాను. ఒక్కసారిగా సున్నా అయింది. హెచ్చరిక రాలేదు."

డ్రోన్‌లో మెమొరీ కార్డు మంటల్లో కరిగిపోయింది. ఆ నలభై రెండుని చూసినవాళ్లు ఆ అమ్మాయి తప్ప ఇంకొకరు లేరు. పైగా ఆమెకి ఒక పేరుంది: చివరి బొట్టు దాకా ఎగరేస్తుందని. ఇంకో రెండు ఫొటోలు, ఇంకో ఒక్కటి అంటూ పన్నెండు శాతానికి దించిన రోజులు రెండో మూడో ఉన్నాయి. అందుకని తనిఖీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చే వారం గురువారం విచారణ, అప్పటిదాకా ఎగరేయకూడదు. హెచ్చరిక లైటు వెలిగినా లెక్కచేయలేదని తేలితే లైసెన్సు పోతుంది.

మర్నాడు మంగళవారం, ఓనరు కాలిన బ్యాటరీని గోనెసంచిలో తెచ్చి బాబాయ్ బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ డొప్ప ఒకవైపు మాడింది, రెండోవైపు నిలిచింది. నిలిచినవైపు నంబరు చీటీ కనిపిస్తోంది: ముప్పై ఒకటి. దాని కింద పట్టీ, ఆరు వరసల చుక్కలు.

"చూశావా బాబాయ్? అరవై సార్లే ఎగిరింది. పసిపిల్ల లాంటి బ్యాటరీ. నువ్వు నొక్కి ఓకే చేసింది. రిజిస్టరులో మీటరు అంకె కూడా బాగుంది. ఇదెందుకు పోతుంది చెప్పు? నేనేం మీ అమ్మాయిని అనాలని అనడం లేదు. కానీ ఎవరు చూసినా ఏమంటారు? బాబాయ్ బ్యాటరీలో తప్పుండదు, కాబట్టి తప్పు పైలట్‌దే అంటారు."

బాబాయ్ తలూపాడు. "అంటారు" అన్నాడు.

ఓనరు వెళ్లిపోయాడు. వ్యాను వచ్చే వేళయింది. బాబాయ్ ఇసుక డబ్బా మూత తీసి, వ్యానులో పంపాల్సినవి ఒక్కోటీ పైకి తీశాడు. రెండోది పదిహేడో నంబరు. క్లిప్పు విరిగిన డొప్ప. విరిగినచోట వేలెడు సందు ఉంది. ఆ సందులోంచి పసుపు పచ్చ టేపు కనిపించింది.

ఆ టేపు సంగతి ఆయనకొక్కడికే తెలుసు. ఈ ఏడు కొన్న కొత్త సెల్లులకి ఆయన పసుపు టేపు చుట్టాడు, పాతవాటికి నల్లది. పదిహేడో నంబరు రెండొందల చుక్కలు దాటిన ముసలిది. దాని కడుపులో పసుపు టేపు ఉండకూడదు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఐదు రోజుల కిందటి మధ్యాహ్నం కళ్ల ముందుకొచ్చింది.

ముప్పై ఒకటి డొప్పకి క్లిప్పు విరిగింది. మారు డొప్ప లేదు. పదిహేడుని ఎలాగూ పారేయాలి, దాని డొప్ప గట్టిగా ఉంది. రెంటినీ విప్పి సెల్లులు బయటికి తీసి బల్ల మీద ఉంచాడు. ముందుగా చీటీలూ చుక్కల పట్టీలూ ఒలిచి అటుదిటు ఇటుదటు అతికించాడు. మంచి డొప్ప ఇప్పుడు ముప్పై ఒకటి, విరిగినది పదిహేడు. ఇక సెల్లుల్ని కూడా అటూ ఇటూ మార్చాలి. సరిగ్గా అప్పుడే ఓనరు ఎవరో నలుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని తలుపు దగ్గరికొచ్చి, "బాబాయ్, ఒకసారి రా, వీళ్లకి నీ వేలు చూపించు" అన్నాడు.

వెళ్లాడు. షెడ్డులో ఐదు బ్యాటరీలు వరసగా పెట్టి, ఒక అతిథి రుమాలుతో తన కళ్లకి గంతలు కట్టించుకుని, అందులో ఉబ్బినదేదో నొక్కి చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఒకాయన ఆ వేలిని ఫొటో తీసుకున్నాడు. తిరిగొచ్చి, ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉండగానే, ఏ సెల్లులు ఏ డొప్పలోంచి వచ్చాయో మళ్లీ ఆ డొప్పలోనే సర్ది మూసేశాడు. ఎక్కడిదక్కడ పెట్టడం ఆయన చేతికి వెన్నతో పెట్టిన విద్య. చీటీలు అప్పటికే మారాయన్న మాట చేతికి గుర్తులేదు. నొక్కి చూశాడు. ఉబ్బలేదు. రిజిస్టరులో మంచి అంకె వేశాడు.

చొక్కా తీసి మీటరు తగిలించి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

బయట వ్యాను హారను వినిపించింది. బాబాయ్ పదిహేడుని, పైకి తీసిన రెండోదాన్నీ డబ్బాలో పెట్టి పైన చేత్తో ఇసుక కప్పి మూత వేశాడు. తలుపు దగ్గరికెళ్లి, "ఈ వారం ఏమీ లేవయ్యా, వచ్చే వారం రా" అన్నాడు.

పారేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పారేయలేదు. చెప్పనూ లేదు.

*

ఆయన ఉండేది అక్క ఇంట్లోనే, మేడ మీద గదిలో. బావ పోయిన ఏడు అక్కే పిలిచింది. అక్క, మేనకోడలు, తాను, ముగ్గురే. రాత్రి భోజనం కింద వంటింట్లో చిన్న బల్ల దగ్గర. ఆ వారం ఆ బల్ల దగ్గర కూర్చోవడం ముళ్ల మీద కూర్చున్నట్టే.

"ఎర్ర లైటు వెలిగే ఉంటుంది. నువ్వే చూసుండవు" అంది అక్క కూతురితో.

"వెలగలేదమ్మా."

"నీకు పొయ్యి మీద పాలు పొంగినా కనపడవు. అంత చిన్న లైటు కనపడుతుందా?"

"పాలు వేరు, ఇది వేరు. నలభై రెండు ఉంది."

"నలభై రెండు, నలభై రెండు. జపంలా అదే. తమ్ముడూ, నువ్వైనా చెప్పరా దానికి. తప్పు ఒప్పుకుంటే తక్కువలో వదిలేస్తారేమో. చిన్నప్పటి నుంచీ ఇంతే, పట్టిన కుందేటికి మూడే కాళ్లంటుంది."

ఆయన కంచంలోకి చూస్తూ, "తిననీ అక్కా" అన్నాడు.

"నువ్వు నమ్ముతున్నావా మామయ్యా?" అంది మేనకోడలు.

"నమ్ముతున్నాను."

"మరి ఎలా జరిగుంటుంది?"

ఆయన నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. మామయ్య అన్నీ ఆలోచించి మాట్లాడే మనిషని ఆమె నమ్మకం. తేలు కుట్టిన దొంగ కూడా అలాగే కూర్చుంటాడు.

శనివారం ఆయన ఒక సంచిలో పళ్లు పట్టుకుని లాండ్రీకి వెళ్లాడు. పెరట్లో ఇస్త్రీ బల్ల దగ్గర దెబ్బ తగిలినాయన భార్య ఇస్త్రీ చేస్తోంది. ఆయన చేయి మెడకి కట్టుకుని స్టూలు మీద కూర్చుని, "కాలరు ముందు, కాలరు ముందు" అని చెబుతున్నాడు.

"మీకు విరిగింది చెయ్యి. నోటికి కూడా కట్టు కట్టమనాల్సింది డాక్టరుని" అంది ఆవిడ.

బాబాయ్ ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాడు. ఇస్త్రీ ఆయన పళ్ల సంచి అందుకుని, "కూర్చోండి. ఎప్పుడైనా చొక్కా మాడితే మా ఆవిడ, ఆకాశం నుంచి ఊడిపడ్డారా, పని చేతకాదా అనేది. ఇప్పుడనడం మానేసింది. నిజంగా ఊడిపడితే ఎలా ఉంటుందో చూసింది కదా" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ చొక్కా తిప్పింది.

"ఆ అమ్మాయి కూడా వచ్చి వెళ్లింది" అన్నాడాయన. "తప్పు నాది కాదనీ అనలేదు, నాదనీ అనలేదు. నలభై రెండు ఉందండీ అంది. నాకేం తెలుసు, నలభై రెండు చొక్కాలేమో అనుకున్నాను. మీరేమవుతారు ఆ పిల్లకి?"

"మేనమామని."

"అయితే మీరు చెప్పండి. అబద్ధమాడే మనిషేనా?"

"కాదు."

"నాకూ అలాగే అనిపించింది. అదే మాట గురువారం ఆ ఆఫీసరుకి చెప్పండి మరి. నాకు చెప్తే నేనేం చేయగలను, ఇస్త్రీ కూడా చేయలేను."

బాబాయ్ టీ తాగి లేచాడు. అసలు అక్కడికి ఏం చెప్పాలని వెళ్లాడో, ఎందుకు చెప్పకుండా లేచాడో దారి పొడుగునా తనని తాను అడుక్కున్నాడు. ఉద్యోగం పోతుందనా? పోతే పోనీ, ఈ వయసులో పోయేదెంత. మేనకోడలి ముందు తలొంచుకోవాలనా? అది కొంత నిజం. కానీ అన్నిటికన్నా కింద ఇంకోటుంది: బొటనవేలు లేకపోతే తానెవరు? బాబాయ్ అన్న పిలుపు ముందు నుంచి ఆ మాట తీసేస్తే మిగిలేది ఒక ముసలాయన. ఇది కూడా పూర్తి జవాబు కాదు. పూర్తి జవాబైతే మనసుకి తెలిసిపోతుంది.

మళ్లీ మంగళవారం వచ్చింది. వ్యాను వచ్చింది. "ఈ వారం కూడా లేవా? మీ బ్యాటరీలు ముసలివి కావడం మానేశాయా ఏంటి?" అన్నాడు డ్రైవరు. "లేవు" అన్నాడు బాబాయ్.

*

గురువారం పొద్దున తనిఖీ ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, తక్కువ మాటలు. ఓనరు గదిలో బల్లకి ఒకవైపు ఆయన, ఎదురుగా మేనకోడలు, పక్కన ఓనరు. బాబాయ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద మాడిన డొప్ప, రిజిస్టరు.

ఆఫీసరు చుక్కలు లెక్కపెట్టాడు. రిజిస్టరులో అంకె చూశాడు. "బ్యాటరీ మంచిదే" అన్నాడు. "ఈ మీటరు అంకె తీసుకున్నదెవరు?"

"మా బాబాయండీ. ఆయన చేతిలో పడితే ఇక తిరుగులేదు" అన్నాడు ఓనరు.

ఆఫీసరు అమ్మాయి వైపు తిరిగాడు. "బ్యాటరీ బాగుండి, గాలి పరిమితిలోనే ఉండి, యంత్రం పడిందంటే మిగిలేది ఒకటే కదమ్మా."

"నలభై రెండు ఉందండీ" అంది. పదకొండు రోజులుగా అన్న మాటే, అదే గొంతు. ఈసారి మాత్రం ఎవరూ నమ్మరని తెలిసి అంది.

బాబాయ్ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఓనరు, "ఏంటి బాబాయ్?" అన్నాడు. రెండు నిమిషాల్లో ఆయన తిరిగొచ్చాడు. ఒక చేతిలో ఇసుక రాలుతున్న పదిహేడో నంబరు, రెండో చేతిలో మీటరు. మీటరు మీద చొక్కా లేదు.

"ఇది ముప్పై ఒకటి" అన్నాడు పదిహేడుని బల్ల మీద పెట్టి. "ఆ కాలింది పదిహేడు. చీటీలు మార్చాను, సెల్లులు మార్చడం మర్చిపోయాను. కొత్త సెల్లులకి పసుపు టేపు చుడతాను, పాతవాటికి నల్లది. ఉబ్బలేదు కాబట్టి నా వేలికి తెలియలేదు. రిజిస్టరులో అంకె నేను వేసింది, మీటరు చూపించింది కాదు. ఆ ఒక్కటే కాదు. అన్నీ అంతే."

తీగలు తగిలించాడు. మీటరు కుర్ర సెల్లుల అంకె చూపించింది. ఆఫీసరు విరిగిన సందులోంచి పసుపు టేపు చూసి, డొప్ప విప్పించి, సెల్లుల మీద ముద్రించిన తేదీ చూశాడు. మాడిన డొప్పలో మిగిలిన ముక్కని గీకితే నల్ల టేపు బయటపడింది. ఆయన చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత, "ముసలి బ్యాటరీ గాలికి ఎదురెక్కితే నలభై రెండు నుంచి సున్నాకి రావడం వింతేం కాదు. పైలట్ మీద ఏమీ రాయడం లేదు. కంపెనీ మీద రాస్తున్నాను. బ్యాటరీలన్నీ కొలిచేదాకా ఒక్కటీ ఎగరకూడదు" అన్నాడు.

పెన్ను మూస్తూ, "మీకిది ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"పడిన మర్నాడు."

ఆఫీసరు మేనకోడలి వైపు ఓసారి చూసి, ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఆయన వెళ్లాక ఓనరు గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి, "సరే, అయిందేదో అయింది. నువ్వు పోతే ఈ గది ఎవరు చూస్తారు? మీటరు వాడు, అంతే" అన్నాడు. మంచివాడే. కానీ ఆ మాటల్లో బొటనవేలు ఊసూ లేదు, బాబాయ్ అన్న పిలుపూ లేదు.

బాబాయ్ బ్యాటరీల గదిలోకి వెళ్లి మొదటి నంబరు నుంచి కొలవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మేనకోడలు వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. ఆయన అంకె చూసి రాశాడు, చివరిదాన్ని తగిలించాడు.

"తొమ్మిది రోజులు" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అర్థంకాని లెక్కని పెద్దవాళ్లని అడిగినట్టు ఉంది. "అమ్మ రోజూ నన్ను తిట్టింది. నువ్వు పక్కనే కూర్చుని తిన్నావు. తొమ్మిది రోజులు ఏం చేశావు మామయ్యా?"

ఆయన చేతిలో తీగ అలాగే ఆగింది. నిజంగానే చెప్పాలనుకున్నాడు.

"తెలియదమ్మా" అన్నాడు.

"అమ్మకి నేనింకా చెప్పలేదు. సాయంత్రం నువ్వే చెప్పు. కలిసే వెళ్దాం, ఆగు" అని, కొలతలో నెగ్గిన ఒక బ్యాటరీ పట్టుకుని పరీక్షకి షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లింది.

ముప్పై తొమ్మిది బ్యాటరీలు. వేలు బాగున్నాయన్నవాటిలో ఐదింటిని మీటరు కాదంది. ఆ ఐదింటినీ ఇసుక డబ్బాలో పెట్టాడు. మిగతావాటికి అంకెలు రాసి అరల్లో సర్దాడు. రిజిస్టరు మూయకుండా అదే పేజీ దగ్గర తెరిచి ఉంచాడు. పాత చొక్కా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఒక స్క్రూడ్రైవరూ, కళ్లజోడు డబ్బా తప్ప అక్కడ ఆయన సొంతవి ఇంకేం లేవు.

వాన పడేలా ఉందని అందరూ ముందు గదిలో టీ తాగుతున్నారు. ఆయన షెడ్డు పక్క సందులోంచి రోడ్డు మీదికొచ్చాడు. అక్క ఇంటికి ఎడమవైపు వెళ్లాలి. కుడివైపు బస్సుల స్టాండు.

వెనక ఖాళీ స్థలంలోంచి డ్రోన్ లేచిన చప్పుడు వినిపించింది. గాలికి ఎదురెక్కుతోంది. ఆయన నడక ఆపకుండా విన్నాడు. మోటార్ల మోత ఎక్కడా తగ్గలేదు, ఒకే తీరుగా ఉంది. అది తన నెత్తి మీదుగా వచ్చిందో, ఇంకో పక్కకి పోయిందో తలెత్తి చూడలేదు. కుడివైపు తిరిగాడు.